వంతెన అవతలి చెట్లు

నాన్న బకెట్లు కడుగుతున్నాడు. నేను తుడిచి బోర్లిస్తున్నాను.

మేపుల్ చెట్లకు కట్టి రసం పట్టే బకెట్లు. చెట్లు నది అవతల, వెర్మాంట్‌లో. ఇల్లు ఇవతల, న్యూహాంప్‌షైర్‌లో. మధ్యలో వంతెన, నడిస్తే నాలుగు నిమిషాలు.

పక్క భూమి యజమాని కింబల్ మా చెట్లు నూట నలభై నరికించి కలప అమ్ముకున్నాడు. మిగిలినవి పదకొండు.

అయినా నాన్న బకెట్లన్నీ కడుగుతాడు.

వెర్నా అత్త బ్రెడ్డుకని సంచీ తీసింది. రోజూ వంతెన దాటి తెస్తుంది.

"కోర్టులో కింబల్ మొహం చూడాలిరా ఆర్విల్! కొత్త కోటు ఆ రోజుకే దాచాను."

"ఆ కోటు చూస్తేనే పారిపోతాడక్కా."

ఫోన్ మోగింది. లాయర్ ట్రెంబ్లే. అత్త స్పీకర్ పెట్టింది.

"వెర్నా గారూ, మన దావా కొట్టేశారు."

నాన్న చేతిలో బకెట్ ఆగింది.

"నేను నరకలేదన్నాడా?" అడిగింది అత్త.

"నరికానని ఒప్పుకున్నాడు. కానీ చెట్లు మీ కుటుంబ ట్రస్టువి. ట్రస్టు పెట్టింది మీ న్యూహాంప్‌షైర్‌లో, రసం పాకంగా కాచి అమ్మేది ఇక్కడ వెర్మాంట్‌లో. బయటి ట్రస్టు ఇక్కడ రిజిస్టర్ కాకుండా వ్యాపారం చేస్తే, ఇక్కడి కోర్టులో దావా వేసే హక్కు లేదు."

"బయటిదా? నాకు బాప్తిస్మం ఇచ్చిందే ఆ ఒడ్డున!"

"ఇప్పుడు రిజిస్టర్ చేసి మళ్ళీ వేద్దాం," అన్నాడు నాన్న.

"చెట్లు నరికిన నాటి నుంచి దావాకు ఉన్న గడువు పోయిన శుక్రవారంతో అయిపోయింది."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఎవరూ దించలేదు.

"ముందే చెప్పొచ్చుగదయ్యా!"

ట్రెంబ్లే గొంతు తగ్గించాడు.

"రిజిస్టర్ చేయడానికి ఫారం పంపాను కదండీ. రెండుసార్లు."

నాకు గుర్తుంది. ట్రస్టు పెద్ద అత్తే. సంతకం పెట్టాల్సింది ఆమే. ఆ కాగితం ఊపుతూ, "రేపు బ్రెడ్డు కొనడానికి పాస్‌పోర్టు అడుగుతారేమో!" అంది.

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ కాగితంతోనే పొయ్యి అంటించాం.

రెండోది వచ్చినప్పుడు ఎవరూ విప్పి కూడా చూడలేదు.

ఫోన్ ఎప్పుడు ఆగిందో తెలియదు.

నాన్న అత్త వైపు చూడలేదు. కడిగిన బకెట్టే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

అత్త పాత కోటు వేసుకుంది. సంచీ తీసుకుంది. గుమ్మం దాటేటప్పుడు ఎవరినో ఒకరిని ఆటపట్టించకుండా వెళ్ళని మనిషి, మాట లేకుండా వెళ్ళింది.

కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర నిలబడి వంతెన వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి కొండదారి పట్టింది.

ఈ ఒడ్డున బ్రెడ్డు దొరికే కొట్టు తొమ్మిది మైళ్ళు.