ఐదుగురూ హాజరు

“ఈ వాక్యం కొట్టెయ్యి ఆర్విల్! ఇప్పుడే, నా కళ్లముందే కొట్టెయ్యి!” అంటూ డెల్మర్ ప్రూయిట్ హోటల్ గదిలోకి దూసుకొచ్చి, బెటాలియన్ చరిత్ర పుస్తకాన్ని బల్లమీద పడేశాడు.

ఆర్విల్ స్టెన్‌స్రుడ్ కుడి చెవి ముందుకు పెట్టాడు. ఎడం చెవి వినపడదు. యుద్ధంలో అతను గుమాస్తా. రోజూ జీపులో వచ్చి, ఎవరున్నారు ఎవరు పోయారు అని లెక్కపెట్టుకుని, హాజరు పట్టీ టైపు చెయ్యడమే పని. ఏటా పాత సైనికులంతా కలుసుకునేటప్పుడు ఆ కాగితాల పెట్టెలన్నీ మోసుకొస్తాడు. టాంకుల్ని కొట్టే బెటాలియన్లో టైపు మిషను టకటకకే చెవుడొచ్చిన మొనగాడివిరా నువ్వు అని అందరూ ఆటపట్టిస్తారు. నవ్వి ఊరుకుంటాడు పాపం.

“ఏ వాక్యం? అరవకు. ఇటుపక్కకొచ్చి చెప్పు.”

డెల్మర్ వేలు పెట్టి చూపించాడు. ‘1945 జనవరి నాలుగు. మూడో నంబరు ఫిరంగి. ఐదుగురూ హాజరు. శత్రువు టాంకు ఒకటి ధ్వంసం.’

“బానే ఉందిగా. నేనే టైపు చేశా.”

“ఏం బాగు, నా మొహం! ఐదుగురు కాదు, నలుగురు. నేను పారిపోయా.”

నలభై ఏళ్లు కడుపులో దాచుకున్న మాట ఒక్క గుక్కలో బయటపడింది. డెల్మర్ కుర్చీలో కూలబడ్డాడు.

కింద హాల్లో విందుకి అందరూ చేరుతున్నారు. బెల్జియం నుంచి జోసెట్ కోలినె అనే ఆవిడ వచ్చి కూర్చుంది. ఆ రోజు ఆ టాంకు వంతెన దాటి ఉంటే, చర్చి నేలమాళిగలో దాక్కున్న ఆవిడ ఊరి పిల్లాపెద్దా ఒక్కరూ మిగిలేవారు కాదు. ఊరంతా కలిసి చేయించిన ఇత్తడి ఫలకం ఒడిలో పెట్టుకుని కూర్చుంది. మూడో నంబరు ఫిరంగి తరఫున ఎవరో ఒకరు అందుకోవాలి. సార్జంటు హ్రుస్కా పోయాడు. మిగతా ముగ్గురూ “నువ్వే తీసుకోరా డెల్మర్” అని వెనక్కి తగ్గారు.

“ఆవిడ ఇందాక నా చెయ్యి పట్టుకుని ఏడ్చిందిరా. ఏ మొహం పెట్టుకుని తీసుకోను?”

“అసలేం జరిగిందో చెప్పు.”

“పొగమంచు. పక్కవాడు కనపడి చస్తేగా! టాంకు మోత దగ్గరికొస్తోంది. గుండు ఫిరంగిలో పెట్టా, అది నా పని. ఆ తర్వాత కాళ్లు నా మాట వినలేదు. బీట్‌దుంపల పాకలో దూరి చెవులు మూసుకున్నా. అరగంటకి సిగ్గేసి తిరిగొస్తే, నలుగురూ ఫిరంగి దగ్గర నిలబడున్నారు. టాంకు తగలబడుతోంది. హ్రుస్కా నా భుజం తట్టి ‘భలే కొట్టార్రా’ అన్నాడు. నా పరువు నిలబెట్టడానికే అన్నాడు, మహానుభావుడు. ఇన్నేళ్లలో ఆ నలుగురిలో ఒక్కడూ నన్ను ఒక్క మాటా ఎత్తిపొడవలేదు.”

“అందుకేనా ప్రతి క్రిస్మస్‌కీ వాళ్లకి నీ పెరటి పీకన్ చెట్టు పప్పులు పంపేది?”

“వాళ్లు నిలబడ్డారు గనకే కదరా నేనివాళ మనవల్ని ఎత్తుకుంటున్నా! పప్పులు పంపితే తీరే రుణమా అది? పైగా పిచ్చిమారాజులు, వాళ్లూ నాకు తిరిగి పంపుతారు. హ్రుస్కా బతికున్నన్నాళ్లూ పొగబెట్టిన పంది తొడ పంపాడు. నాకెందుకురా పంపడం?”

“నాకు మాత్రం ఎవడూ ఒక్క పప్పుబద్ద పంపలేదు” అని నవ్వాడు ఆర్విల్.

“నీకెందుకోయ్, టైపు కొట్టినందుకా? మాట మార్చకు. ‘నలుగురు హాజరు, ప్రూయిట్ పరారీ’ అని దిద్దు. కిందికెళ్లి ఆవిడకి నిజం చెప్పేస్తా. ఆ నలుగురికీ చెందాల్సిన దణ్ణం నాకొద్దు.”

ఆర్విల్ లేచి తలుపు మూశాడు. పెట్టె అడుగునుంచి ఓ పాత కవరు తీశాడు.

“ఎవరికీ చూపించనని మాటిచ్చా. ఇవాళ తప్పుతున్నా. చదువు.”

కవర్లో నాలుగు ఉత్తరాలు. డెల్మర్ కళ్లజోడు సవరించుకుని మొదటిది విప్పాడు. హ్రుస్కా చేతిరాత. ‘ఆర్విల్, ఐదుగురు కాదు, నలుగురని దిద్దు. నా కుర్రాళ్లు నిలబడ్డారు. నేనే పారిపోయాను.’

రెండోది చదివాడు. అదే మాట. మూడోదీ అదే. నాలుగోదీ అంతే. ఒకడు వాగులో, ఒకడు గడ్డివాములో, ఒకడు గోడ వెనక, హ్రుస్కా అయితే పందుల దొడ్డిలో! పొగమంచులో ఎవడిదారిన వాడు పరిగెత్తి, ఆ మంచులోనే ఒకరికి తెలియకుండా ఒకరు తిరిగొచ్చి, మిగతా నలుగురూ నిలబడ్డారని నమ్మి, నలభై ఏళ్లుగా ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుంటున్నారు వెర్రిబాగులవాళ్లు.

డెల్మర్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాడు.

“మరి నువ్వెందుకు దిద్దలేదురా?”

“అప్పుడు నిజం రాస్తే ఐదుగుర్నీ కోర్టు మార్షల్‌కి పంపేవాళ్లు. గడ్డాలైనా సరిగ్గా రాని వయసు మీది. అయినా అందరూ తిరిగొచ్చారుగా. తిరిగొచ్చినవాణ్ణి హాజరనే రాయాలి.”

ఆర్విల్ ఉత్తరాలు మడిచి కవర్లో పెట్టుకుంటున్నాడు. డెల్మర్ కళ్లు తుడుచుకుంటూ అతని ఎడంపక్క నిలబడ్డాడు. ఉన్నట్టుండి ఏదో తట్టింది.

“ఆగాగు. ఐదుగురం పారిపోతే, మరి ఆ టాంకుని కొట్టిందెవరు?”

ఆర్విల్ కుడి చెవి తిప్పాడు.

“ఏంటీ? ఇటుపక్కకొచ్చి అడగరా. నువ్వు పెట్టిన గుండు పేలినప్పట్నుంచీ ఆ చెవి పనిచెయ్యదు.”