బండారి మీద ఒట్టు

“గేటు లోపలికి పోయినవా, బయటనే ఉన్నవా? అది చెప్పు” అన్నాడు ఐలయ్య.

ఎయిర్‌పోర్టులో దిగినవాళ్ళను తన ఆటోలో ఆ రిసార్టు దగ్గర దించి వచ్చానని, డోలు తాళ్ళు బిగిస్తూ మల్లేశ్వర్ మళ్ళీ చెప్పాడు. ఐలయ్యకు నమ్మకం కుదరలేదు. వాడి ఒంటి మీద కొత్త చొక్కా ఉంది. మాట్లాడుతూ తల ఎత్తడం లేదు.

సాతంరాయి దగ్గరి ఆ రిసార్టు మేనేజరు కిందటి వారమే తమ ఊరు తొండుపల్లికి వచ్చి, పెళ్ళి విందుల్లో పావుగంట ఒగ్గుకథ చెప్పమని అడిగాడు. రంగుల ముగ్గులతో పట్నం వేసి, ఒక్కపొద్దుండి, తెల్లవార్లూ చెప్పే మల్లన్న కథను మందు గ్లాసుల మధ్య ముక్కలు చేయనని ఐలయ్య వాడంతా వినేలా చెప్పి పంపేశాడు. ఫీజు కట్టకపోతే కూతురు మనీషాను నర్సింగు పరీక్ష రాయనియ్యరని భార్య శోభ లోపల ఏడుస్తున్నా వినలేదు. ఆ రోజు వాడంతా అతనికి దండం పెట్టింది.

“ఆ రిసార్టోళ్ళు నిన్నేమన్న అడిగిన్రా? నంబరు తీసుకున్నరా?”

“నన్నెవరు అడుగుతరన్నా? డోలు కొట్టెటోన్ని. కథ చెప్పెటోనివి నువ్వు.”

“మల్ల అటు పోతవా?”

“సవారీ దొరికితే పోత. ఇల్లు నడవాలె గద.”

ఐలయ్య దేవుని గూట్లోంచి బండారి తెచ్చి వాడి అరచేతిలో పోశాడు. అది మల్లన్న పసుపు. దాన్ని పట్టి వేసిన ఒట్టు తప్పిన ఒగ్గువాడు ఆ ఊళ్ళో ఇంతవరకు లేడు.

“సవారీ కోసం గూడ ఆ గేటు దిక్కు పోనని చెప్పు. మనోళ్ళనెవ్వరినీ పోనియ్యనని చెప్పు.”

మల్లేశ్వర్ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళు పక్కన నిలబడి డోలు కొట్టినవాణ్ణి ఇంతగా అనుమానించాలా అనిపించింది. అయినా ఒట్టు వేశాడు. పసుపు చేయి ఐలయ్య వైపు చాపాడు.

“నువ్వు గూడ పట్టన్నా.”

“నా సంగతి మల్లన్నకు ఎరుకే.”

మరి బిడ్డ ఫీజు ఎట్లా అని అడిగాడు మల్లేశ్వర్. దేవుడు చూసుకుంటాడన్నాడు ఐలయ్య. ఇంత ఇబ్బందిలోనూ కథను అమ్ముకోని మనిషికి ఎదురు చెప్పానే అని మల్లేశ్వరే సిగ్గుపడ్డాడు. కాళ్ళు మొక్కి వెళ్ళిపోయాడు.

ఆటో మూల తిరిగేదాకా ఐలయ్య గడపలోనే నిలబడి చూశాడు. తర్వాత ఫోను తీసి, గొంతు తగ్గించాడు.

“మేనేజర్ సాబ్, ఇగ ఆ పావుగంట కథకు నేనే వస్త, మావోళ్ళెవరూ అటు రారు.”