అవ్వ ఇంటి నికోలా

ఇన్నొకెంతీకి కావాల్సింది రెండే రెండు నిమిషాలు. ఎవ్లాంపియా అవ్వ ఆ రెండు నిమిషాలు గది బయట ఉంటే చాలు.

అవ్వేమో బల్ల దగ్గర నుంచి కదలడం లేదు. టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన పొదిగే కోడిలా కూర్చుని, అతని పళ్ళెంలో ఆలుగడ్డ రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"తినరా కేషా. లెనిన్‌గ్రాద్‌లో నీకు తిండి పెట్టే దిక్కు లేదా? చువ్వలా అయిపోయావు." ఇన్నొకెంతీ అవ్వకి ఎప్పుడూ కేషానే.

తింటూనే దేవుడి మూల వైపు ఓరగా చూశాడు. ఎర్ర పూల కుట్టు తువ్వాలు కింద, కొయ్య పలక మీద రంగుల్లో గీసిన పుణ్యపురుషుడు నికోలా. దీపం పొగకి మసిబారిన గడ్డం, ఊరందరి గుట్టూ తెలిసినట్టుండే కళ్ళు. బెంచీ కింద అతని సంచిలో, ఉన్ని శాలువాలో, ఇంకో నికోలా ఉన్నాడు. అదే కొలత, అదే మసి, అంచు మీద అదే పగులు. ఇద్దరిలో ఒకరి వయసు నాలుగు వందల ఏళ్ళు. ఇంకొకరు ఇన్నొకెంతీ వంటింట్లో రెండు నెలలు పొగ పీల్చి పెద్దవాడైనవాడు. పక్కపక్కన పెడితే మ్యూజియం వాళ్ళు కూడా తల గోక్కోవాల్సిందే.

పాత పటాల పిచ్చి అతనికి ఈనాటిది కాదు. ఒంటి గది కొంపలో గోడలన్నీ పటాలే. మంచం కింద వెండి తొడుగులు, ఇత్తడి శిలువలు, లక్క పెట్టెలు. "దేవుళ్ళుంటారో నేనుంటానో తేల్చుకో" అంది పెళ్ళాం. ఇన్నొకెంతీ తేల్చుకున్నాడు. ఇప్పుడు ఒక్కడే ఉంటున్నాడు.

నాలుగేళ్ళ కిందట వేసవిలో, ఈ ఉత్తరాది పల్లెలో, ఈ నికోలాను చూసి మతి పోగొట్టుకున్నాడు. ఎంతయినా ఇస్తానన్నాడు. అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని కడిగేసింది.

"కొనడాలు అమ్మడాలు పందిపిల్లలకి నాయనా. పటాన్ని ఎవరన్నా అమ్ముతారా? ఇస్తే గిస్తే మార్చుకుంటారు. పటానికి పటం."

అక్కడి ముసలమ్మలందరిదీ అదే మాట. ఆ మాటే చెవిలో పెట్టుకుని అతను నెలంతా నికోలా ముందు కూర్చుని కొలతలు తీసుకున్నాడు, బొమ్మ గీసుకున్నాడు. మరుసటి చలికాలం మళ్ళీ వచ్చి రెండు రోజులుండి వెళ్ళాడు. ఇది మూడో రాక.

"మీ అమ్మకెలా ఉంది?" అడిగింది అవ్వ.

"లేచి తిరుగుతోంది అవ్వా."

"తిరగదూ మరి! పోస్టుపిల్ల చేత ఉత్తరం రాయించానుగా. ఆవిడ కోసం నలభై రోజులు ఈ మూలనే మోకాళ్ళ మీద నిలబడ్డాను. రోజూ నీ పేరు కూడా చెబుతున్నా. 'మా కేషా మంచివాడు, వాణ్ణి కాస్త కనిపెట్టి చూసుకో స్వామీ' అని."

సిగ్గుతో ఇన్నొకెంతీ చెవులు ఎర్రబడ్డాయి. అవ్వ ఉత్తరాలే అతన్ని నమిలి తింటున్నాయి. ఏడాదికి నాలుగు. ఒకదానితో ఉన్ని చేతితొడుగులు కూడా పంపింది. అయినా వచ్చిన పని వచ్చిన పనే. ఇవాళ చెయ్యకపోతే ఇక జన్మలో చెయ్యలేడు. పట్టుబడ్డాడా, ఈ గుమ్మం తొక్కే మొహమే ఉండదు.

"అవ్వా, నేలమాళిగలో ఊరేసిన పుట్టగొడుగులున్నాయా?"

"నీ మోచేతి దగ్గరున్నవేంట్రా?"

చూశాడు. గిన్నె నిండా పుట్టగొడుగులే.

"బావి నీళ్ళు చల్లగా ఓ గ్లాసుడు..."

"తలుపు పక్కన బకెట్టుంది. కాళ్ళున్నాయిగా, ముంచుకో."

దాహం లేకపోయినా తాగాడు.

"నీ మేక అరుస్తున్నట్టుంది అవ్వా."

"అది చచ్చి రెండేళ్ళయింది."

అవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత మూలుగుతూ లేచింది.

"సరే, ఆవుకి కుడితి పెట్టొస్తా. నా మోకాళ్ళ సంగతి తెలుసుగా, వెళ్ళడానికో పూట, రావడానికో పూట. నువ్వు తింటూ ఉండు."

తలుపు పడీపడగానే ఇన్నొకెంతీ మూలకి ఒక్క గెంతు గెంతాడు. తువ్వాలు తొలగించాడు. మూలనున్న నికోలాను దించాడు, సంచిలోని నికోలాను నిలబెట్టాడు. వంకరగా వచ్చింది. సరిచేశాడు. ఇంకో పక్కకి వంకరగా వచ్చింది. పెరట్లోంచి అవ్వ పాట, ఊరవతలికి వినిపించేంత గట్టిగా. ఆ పాట ఆగకుండా చూడమని నికోలాకే మొక్కుకున్నాడు. ఏ నికోలాకో అతనికే తెలియలేదు.

సంచి పట్టీ బిగించి, బల్ల దగ్గర కూలబడి, నోట్లో రొట్టె కుక్కుకున్నాడు. అవ్వ వసారాలో మూడుసార్లు దగ్గి, బకెట్టు దబ్బున కింద పెట్టి, బూట్ల బురద తీరిగ్గా గీక్కుని, అప్పుడు తలుపు తీసింది.

లోపలికి వస్తూనే మూల దగ్గరికి వెళ్ళి శిలువ గుర్తు వేసుకుంది. మునివేళ్ళ మీద లేచి నికోలా చేతిని ముద్దుపెట్టుకుంది. అక్కడే కాసేపు ఆగిపోయింది. తర్వాత వచ్చి టీ పోసింది. ఇన్నొకెంతీ బతికానురా దేవుడా అనుకుని మూడు కప్పులు తాగాడు.

బస్సు వేళకి అవ్వ గేటు దాకా వచ్చింది. మిగిలిన రొట్టెలు గుడ్డలో కట్టి చేతిలో పెట్టింది. మూడుసార్లు చెంపలు ముద్దాడి, చెవి పట్టుకుని దగ్గరికి లాగి, మెల్లగా చెప్పింది:

"మూడేళ్ళుగా నువ్వు పెట్టిపోయిన దొంగ నికోలాను ముద్దుపెట్టుకోలేక, ఆ వార్నిషు కంపుకి చచ్చాను కేషా, ఇవాళ మా స్వామిని తిరిగి తెచ్చావు గనక బతికిపోయావు గానీ, మళ్ళీ ఎత్తుకుపోయావో, ఈ చెవి నా చేతిలో ఉండిపోతుంది."