చేత్తో చూడండి సార్

తమ్ముడు స్వామికి,

మన కృపావతి పోలీసాయనకి అడ్డం చెప్పిందిరా, ఆయన విన్నాడు!

ఢిల్లీ కాఫీ ఎగ్జిబిషన్ నుంచి తిరిగొస్తున్నాం. విమానం ఎక్కేముందు అందరి సంచులూ మిషన్లో పెట్టమన్నారు. మన గుంట కృపావతి తన కెమెరా మాత్రం ఇవ్వలేదు.

"లోపల ఫిలిం ఉంది సార్. మిషన్లో పెడితే బొమ్మలు పాడవుతాయి. చేత్తో చూడండి," అని ఇంగ్లీషులో అంది.

"పెట్టీయే అమ్మా, పెద్దోళ్లతో మనకేటి!" అన్నాను.

"నువ్వూరుకో నాన్నా," అంది.

ఆయన కెమెరా అటూ ఇటూ తిప్పి చూసి, "ఓకే మేడం" అని ఇచ్చేశాడు. నా కూతుర్ని మేడం అన్నాడురా!

అరకులో స్టూడియో అతను కెమెరా విప్పి చూస్తే, ఫిలిం లోపలి చక్రం పళ్లకి తగులుకోలేదట, మొదట్నుంచీ కదలనే లేదట. ఢిల్లీ బొమ్మ ఒక్కటీ లేదు. గుంట ఏడుస్తోంది. నేను మాత్రం ఆనందం పట్టలేకపోతున్నాను.

నువ్వు బేగి చెప్పాల్సినవాళ్లు: పాడేరు అత్త, కొయ్యూరు బావ, బొర్రాలో చెల్లి, ఇంకా చెక్‌పోస్టులో నాలాగే ఇన్నేళ్లూ, గార్డులు ఆపినప్పుడల్లా నోరెత్తకుండా చింతపండు మూటలు విప్పి చూపించిన మన పెదనాన్న కొడుకులు నలుగురూ.