చీకటిగదిలో వాక్యం

సహోదరులారా, మా అక్క నా సభ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆమెకు వాక్యం వినిపించాలనే ఆమె స్టూడియోలో ఫొటోలు కడగడం నేర్చుకోవడానికి చేరాను.

మొదటిరోజే, చీకటితో నాకు పొత్తేమిటని తలుపు బార్లా తెరిచి, పెట్టెడు ఫొటో కాగితం వెలుతురుకు నల్లగా మాడ్చాను.

మర్నాడు అక్కే అడిగింది. "గడియారం పాడైందిరా. నువ్వు ప్రసంగం చెయ్యి. ఆమెన్ అనగానే కాగితం మందులోంచి తీస్తాను."

దేవుని కార్యం! ఎర్రదీపం కింద రోజూ నిప్పులు కురిపించాను. బొమ్మలూ చక్కగా తేలాయి.

ఇవాళ ప్రసంగంలో, దేవుడి మాట వినక పారిపోయే ప్రవక్తను సముద్రంలో పెద్ద చేప నోట్లోకి విసిరేస్తూ చెయ్యి ఊపాను. అది అక్క జేబుకు తగిలి గడియారం కిందపడింది. నా గొంతు ఆగాక టిక్కుటిక్కు వినబడింది.

"అక్కా! ఇది నడుస్తోందే!"

"ఎప్పుడాగింది గనక? నోటికి పని లేకపోతే నీ చెయ్యి తలుపు మీదికి పోతుంది."

ఇన్నాళ్లూ గోడలకే బోధించానన్నమాట! కోపంగా తలుపు గడియ పట్టుకున్నాను.

అక్క ఆఖరి ఫొటోను నీళ్లలోకి జార్చింది. "పనైపోయింది. తీస్తే తియ్యి," అంటూనే స్టూలు లాక్కుని కూర్చుంది. "కానీ ఆ ప్రవక్త ఇంకా చేప కడుపులోనే ఉన్నాడు కదరా. ముందు ఆయన్ని బయటికి తియ్యి."