రెండు వేల గజాల గురి

బేరిగై పక్కన లోకనాథ్ చెనక్కాయ చేను మీద అడవి పందులు పడ్డాయి.

కిందటేడు చేనంతా తవ్విపోశాయి. ఈసారీ అంతే అయితే విత్తనానికి కూడా కాయ మిగలదు.

అందుకే సిద్దప్పను కాపలా పెట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఏ ఊరని అడిగితే మత్తూరు వైపు అనేవాడు, అంతకుమించి ఎవరూ అడగలేదు. తాత నాటి లైసెన్సు రైఫిల్ అతని చేతికిచ్చి లోకనాథ్ ముసుగుతన్ని పడుకునేవాడు. ఎండ ముఖాన కొడితే గానీ లేవడని ఇంట్లో అందరికీ తెలుసు.

రెండు వారాలు గడిచాయి. తుపాకీ పేలుతూనే ఉంది, పందులు పారిపోతూనే ఉన్నాయి. ఒక్కటీ చావలేదు.

పారిపోయిన పందితో లోకనాథ్‌కి తృప్తి లేదు. చచ్చిన పందిని గట్టున వేలాడదీస్తే గానీ అతని కసి తీరదు.

ఒక సాయంత్రం రైఫిల్ తీసుకుని చూశాడు. గురి చూసే వెనక పట్టీ నిలువునా లేచి ఉంది. దూరపు గురికి పైకి, దగ్గరి గురికి కిందికి జరపాల్సిన పట్టీ అది. దాన్ని చిట్టచివరి అంకె మీద, రెండు వేల గజాల దగ్గర, రాగి తీగతో బిగించి కట్టి ఉంది.

"ముప్పై అంగల్లో ఉండే పందికి రెండు వేల గజాల గురి పెట్టినావా? గుండు నెత్తి మీద పోతాది కదరా."

"పోనీ సామీ. శబ్దానికే పోతాయి పందులు."

లోకనాథ్ అతన్ని వీధిలోకి లాగి నలుగురి ముందూ తిట్టాడు. తిన్న తిండికి ద్రోహం చేశావన్నాడు. మూట తెచ్చి కాళ్ళ మీద విసిరాడు.

సిద్దప్ప మూట ఎత్తుకున్నాడు కానీ కదల్లేదు.

"తీగ మాత్రం విప్పొద్దు సామీ. పందులు తవ్విపోయిన కాయలు ఏరుకునేదానికి తెల్లారకముందే ఆడోళ్ళు వస్తారు."

"నా చేన్లోకి నన్నడక్కుండా ఎవరొస్తారు? నాకు కండ్లు లేవా?"

గుమ్మంలో నిలబడ్డ తల్లి ఆదిలక్ష్మమ్మ ఏదో చెప్పబోయింది. కొడుకు ముఖం చూసి నోరు మూసుకుంది.

సిద్దప్ప వెళ్ళిపోయాడు. లోకనాథ్ కటింగ్ ప్లేయరుతో తీగ తెంచి, పట్టీని అట్టడుక్కి దించాడు.

మర్నాడు లోకనాథ్, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చీకటుండగానే లేచాడు. ఎవరినీ లేపకుండా వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. మంచు దట్టంగా ఉంది. తెల్లవారే వేళకు ముప్పై అంగల్లో నల్లగా, వంగి, మట్టి కెలుకుతున్నదేదో కనిపించింది.

గొట్టం చివరి మొనను వెనక గాడిలో సరిగ్గా కుదుర్చుకుని కాల్చాడు. ఈసారి గుండు గురి తప్పలేదు.

దగ్గరికి వెళ్ళి చూస్తే నల్ల కంబళి. పక్కన బుట్ట, బుట్టలో సగానికి మట్టి కాయలు. బుట్ట వాళ్ళింటిదే.

కొడుకు విత్తనానికి కాయ కరువని ఆదిలక్ష్మమ్మ రెండు వారాలుగా రోజూ ఏరుతోంది. యజమాని తల్లి పరిగె ఏరడం పరువు తక్కువని కొడుకు అరుస్తాడని చెప్పలేదు.

లోకనాథ్ గుండెలు బాదుకుని ఏడ్చాడు. పోలీసులు రాగానే మాత్రం కళ్ళు తుడుచుకుని, కాపలావాడే తుపాకీ పాడుచేశాడని, అందుకే గుండు దారి తప్పిందని చెప్పాడు. ఊళ్ళో ఎవరూ కాదనలేదు. బేరిగై బస్టాండులో దొరికిన సిద్దప్పను కొట్టుకుంటూ స్టేషనుకి తెచ్చారు.

ఎస్సై తెగిన రాగి తీగను బల్ల మీద పెట్టాడు.

"ఇది కట్టింది నువ్వేనా?"

"నేనే సార్."

"ఎందుకు?"

సిద్దప్ప పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు. లోకనాథ్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలే ఉంది.

"పదేండ్లు జైల్లో ఉండి వచ్చినాను సార్. ఆ పొద్దు మంచులో కంబళి కప్పుకొని కాయలేరతా ఉండింది నా పెండ్లామని, కాల్చినంక గదా నాకు తెలిసింది."