ఇంటి దుబాసీ

...కారులో చెబితే? వద్దు. కారులో ఫెర్గస్ దారి తప్పుతాడు, కర్స్టీ అతన్ని తిడుతుంది, ఆ తిట్లలో తన మాట కొట్టుకుపోతుంది. భోజనాల దగ్గర? అక్కడ మాత్రం తనకి తీరికెక్కడ?

వెనక సీట్లో సామాన్ల మధ్య ఇరుక్కుని, కిటికీ అద్దానికి నుదురు ఆనించి ఆలోచిస్తోంది ఐలా. ఆ మాట నోట్లో పెట్టుకుని తిరగడం వేడి బంగాళాదుంప పెట్టుకుని తిరిగినట్టే ఉంది. మింగలేదు, ఉమ్మలేదు.

డిసెంబర్ మొదట్లో ఇంటి యజమానురాలు దోన్యా రెమెదియోస్ మెట్ల మీద ఆపి చెప్పింది. “చూడు తల్లీ, మా అబ్బాయికి పెళ్లి కుదిరింది. ఈ ఇల్లు వాడికి కావాలి. జనవరి ఆరున రాజుల పండగ వెళ్లగానే ఖాళీ చెయ్యండి. మీవాళ్లకి నువ్వే నెమ్మదిగా చెప్పు. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకి రాదు.”

ముగ్గురూ ఎబర్డీన్ నుంచి ఈ స్పానిష్ ఊరు మాలగాకి వచ్చి నాలుగేళ్లయింది. ఫెర్గస్, కర్స్టీ ఏటా స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెడతారు, ఏటా మానేస్తారు. ఐలాకి ఎప్పుడు వచ్చిందో తనకే తెలీదు. వచ్చేసింది. అప్పటినుంచి ఇంటికి నోరు తనే అయింది. ఫెర్గస్‌కి వరసలు పెట్టి పిలవడం గిట్టదు. ఆ ఇంట్లో అందరికీ పేర్లే. తనకి మాత్రం అతను ఇంకో పేరు కూడా పెట్టాడు: దుబాసీ గారు.

సెలవులు వచ్చాయి. ఊళ్లు తిరగడం మొదలైంది.

కోర్దోబాలో హోటల్ గది మంచుగడ్డలా ఉంది. “దుబాసీ గారూ, వెళ్లి వాళ్లని కాస్త కడిగి రండి,” అన్నాడు ఫెర్గస్. కౌంటర్ వెనక మనిషి ముందుకు వంగి అంతా విన్నాడు. ఫెర్గస్ వైపు చూశాడు. మళ్లీ ఐలా వైపు చూశాడు. వేరే గది లేదన్నాడు. ఐలా వచ్చి అదే చెప్పింది.

“నువ్వు గట్టిగా అడగలేదు,” అంది కర్స్టీ.

సెవిల్లాలో మందుల దుకాణం. ఫెర్గస్‌కి మూలశంక.

“నేనా చెప్పాలి?” అంది ఐలా.

“మరి నన్ను చూపించమంటావా?”

చెప్పింది. వరసలో ఉన్న ఆడవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఫెర్గస్ మాత్రం పైకప్పు వైపు చూస్తూ, ఆ రోగం ఇంకెవరిదో అన్నట్టు నిలబడ్డాడు.

గ్రనాదాలో భోజనాల దగ్గర ధైర్యం చేసింది. “ఒక మాట చెప్పాలి.”

“ఉండు ఉండు. ముందు ఇందులో వెల్లుల్లి వేశారేమో అడుగు,” అంది కర్స్టీ.

వంటవాణ్ణి అడిగింది. “వెల్లుల్లి వెయ్యంది మంచినీళ్లే అంటున్నాడు.”

“చూశావా ఫెర్గస్, ఎంత పొగరో!” అంటూ కర్స్టీ గుర్రుగా చూసింది. వంటవాడి వైపు కాదు, ఐలా వైపు.

అదీ అసలు సంగతి. చెడ్డ మాట ఎవరిదైనా, వచ్చేది తన నోట్లోంచే. చిరాకూ తన మీదే పడేది. ఇక ఇల్లు పోయిందన్న మాటకి ఎంత చిరాకు పడాలి? అలాగని చెప్పకపోతే? పండగ మర్నాడు మంచాలూ గిన్నెలూ వీధిలో ఉంటాయి. అప్పుడు దోన్యా రెమెదియోస్‌ని ఎవరూ ఏమీ అనరు. “నువ్వెందుకు చెప్పలేదు?” అంటారు.

చివరికి కాదిస్‌లో చెప్పేసింది. సాయంత్రం, టీ కప్పుల మీదుగా, ఒక్క గుక్కలో.

“మనం ఇల్లు ఖాళీ చెయ్యాలి. వాళ్లబ్బాయికి పెళ్లట. రాజుల పండగ కాగానే వెళ్లిపొమ్మంది.”

ఇద్దరూ కప్పులు దించారు. ఒక క్షణం నిజంగానే విన్నారు. అంతలో ఫెర్గస్ బల్ల మీద చరిచాడు.

“అమ్మ దొంగా! ఇవాళ ఇరవై ఎనిమిది! నిన్నే కదా నువ్వు చెప్పావు, ఇవాళ ఈ దేశమంతా ఒకరినొకరు బోల్తా కొట్టిస్తారని!”

“నిజంగానే చెబుతున్నాను!”

“పొద్దున వీపు మీద ఎవరో అంటించిన కాగితం బొమ్మతో బజారంతా తిరిగాను. మళ్లీ పడతానా?”

ఒట్టేసింది. ఒట్టు వేసిన కొద్దీ వాళ్లు ఇంకా నవ్వారు. కర్స్టీ కళ్లు తుడుచుకుంటూ, “ఈ ఊరి విద్యలన్నీ బాగా వంటబట్టాయి నీకు,” అంది.

ఆ తరవాత ఐలా మళ్లీ ప్రయత్నించలేదు. ఏడాది చివరి రాత్రి పన్నెండు గంటలు కొడుతుంటే, ఇక్కడివాళ్లలా గంటకో ద్రాక్షపండు తినాలని నెలంతా ఎదురుచూసి, తీరా ఆ వేళకి సోఫాలోనే నిద్రపోయింది. ఎవరూ లేపలేదు. “పాపం, అలిసిపోయావు,” అన్నారు మర్నాడు. దేనివల్ల అలిసిందో అడగలేదు.

రాజుల పండగ ముందు సాయంత్రానికి మాలగాలో ఇంటికి చేరారు. వీధి చివర ఊరేగింపు డప్పులు మోగుతున్నాయి. ఇంకా పెట్టెలు విప్పకముందే దోన్యా రెమెదియోస్ తలుపు తట్టింది. చేతిలో పండగ కేకు.

“చెప్పావా తల్లీ? సామాను కట్టినట్టు లేదే!”

“ఏమంటోంది ఐలా? శుభాకాంక్షలా?” అని కర్స్టీ నవ్వు మొహంతో ముందుకొచ్చింది.

అటు ఒక జత కళ్లు, ఇటు రెండు జతలు. అన్నీ తన పెదాల మీదే. చెప్పి చెప్పి అరిగిపోయిన పెదాలు.

“మీరూ మీరూ మాట్లాడుకోండి,” అంది ఐలా. ఆ భాషలో ఒకసారి, ఈ భాషలో ఒకసారి.

“ఇదేం పొగరు! ఇటు రా!” అంది కర్స్టీ.

దోన్యా రెమెదియోస్‌కి వేరే దారి లేకపోయింది. గోడని అరచేత్తో తట్టి, “కాసా,” అంది. వేలు గుమ్మం బయటికి చూపించింది. ఇల్లు అన్న ఆ ఒక్క మాట కర్స్టీకి కూడా తెలుసు. నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

“ఫెర్గస్... ఆ రోజు ఐలా చెప్పింది...”

ఐలా వెనక్కి తిరగలేదు. గదిలోకి వెళ్లి, రెండో తరగతిలోని తన స్నేహితులందరూ ఆ సాయంత్రం చేసినట్టే, తెల్లారేలోగా ముగ్గురు రాజులూ వచ్చి కానుకలు నింపి వెళ్తారని, జానెడైనా లేని తన బూట్లు రెండూ తుడిచి బాల్కనీలో పెట్టింది.